ఆగిన తరగతి నుంచి పది దాకా: ఊళ్లో పెద్దవాళ్లను చదివించడం ఎలా

మా ఊళ్లో ఆడవాళ్లను “చదువొచ్చా అక్కా?” అని అడిగితే చాలామంది “రాదు” అని తేల్చేస్తారు. “ఎంతదాకా చదివినవ్?” అని అడిగితే మాత్రం కాసేపు ఆగి, “ఐదు”, “ఆరు సగం”, “ఏడు అయిపోయింది, పరీక్ష రాయలే” అంటారు. మొదటి ప్రశ్నకు చదువురాని మనిషి, రెండో ప్రశ్నకు ఒక తరగతి పేరు చెబుతుంది. పెద్దవాళ్ల చదువు గురించి నేను చెప్పేదంతా ఈ రెండో ప్రశ్నతోనే మొదలవుతుంది.

నేను జోగుళాంబ గద్వాల జిల్లాలో ఒక ఊరి వీవోఏని, అంటే గ్రామ సంఘం సహాయకురాలిని. పొదుపు సంఘాల పుస్తకాలు రాస్తాను. మా ఊళ్లో అప్పట్లో బడి ఏడు వరకే. హైస్కూలు ఆరు కిలోమీటర్లు. ఏడు పాసైన ఏడాది ఆగస్టులో నేను చేలో ఉన్నాను. మా వైపు సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి ఎక్కువ. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలు గిల్లాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి ఆ గిల్లిన పువ్వుకు రుద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటాం. చిన్న వేళ్లయితే పువ్వు పాడుకాదని ఆ పనికి ఆడపిల్లలనే పెట్టేవాళ్లు. “సీజన్ అయినంక పోదువులే” అన్నాడు మా నాయిన. సీజన్ అయ్యేసరికి నవంబర్ వచ్చింది. నాలుగు నెలలు బడికి పోని పిల్ల ఐదో నెలలో సిగ్గుతో పోదు. నేనూ పోలేదు. మా ఈడు ఆడవాళ్లలో చాలామంది చదువు ఇలాగే ఆగింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అప్పుడు చదువు ఆపిన పని ఇప్పటికీ అవే నెలల్లో వస్తుంది. పెద్దయ్యాక మళ్లీ చదివించేటప్పుడు ఆ నెలలు చూసుకోకుండా క్లాసులు పెడితే చదువు మళ్లీ అక్కడే ఆగుతుంది. నేను ముప్పై మూడో ఏట ఓపెన్ స్కూల్లో, అంటే రోజూ బడికి పోకుండా ఇంటి దగ్గర చదివి పరీక్ష రాసే పద్ధతిలో, పది పాసయ్యాను. ఆ తర్వాత మా సంఘాల్లో కొందరిని పది దాకా తెచ్చాను. ఎక్కడెక్కడ దెబ్బతిన్నానో ఇంకా గుర్తుంది కాబట్టి, మీ ఊళ్లో ఎవరైనా ఈ పని తలకెత్తుకుంటే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

2011 జనాభా లెక్కల ప్రకారం మా జిల్లా అక్షరాస్యత 49.87 శాతం. తెలంగాణ జిల్లాల్లో అన్నిటికన్నా తక్కువ. రాష్ట్రం మొత్తానికి అది 66.54 శాతం. మా జిల్లా పుట్టిందే 2016 అక్టోబర్ 11న కాబట్టి, పాత లెక్కను కొత్త హద్దులకు సర్ది తీసిన అంకె ఇది. అయితే ఈ అంకెలో కనపడని సంగతి ఒకటుంది. ఏడేళ్లు, ఆపైన వయసున్నవాళ్లు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదివి, రాయగలిగితే జనాభా లెక్కల్లో అక్షరాస్యులే. ఐదులో మానేసిన మా ఎదురింటి వదిన, డిగ్రీ చదువుతున్న ఆమె కొడుకు ఆ లెక్కలో ఒకటే. అక్షరాలు రానివాళ్ల కోసం రాత్రిబడులు వచ్చాయి, వయోజన విద్యా కేంద్రాలు వచ్చాయి, సాక్షర భారత్ వచ్చింది. ఐదుకు, పదికి మధ్య ఆగిపోయినవాళ్ల దగ్గరికి మాత్రం మా ఊళ్లో ఎవరూ రాలేదు. వాళ్లకు చదవడం వచ్చు, చేతిలో కాగితం లేదు. ఊళ్లో ఆశా పోస్టు పడితే ముందు అడిగేది పది మెమో. పాస్‌పోర్టులో కూడా పది పాసైనవాళ్లకు, పాసవనివాళ్లకు తేడా ఉంది. పది లేకపోతే ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. దాంతో గల్ఫ్‌కు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి.

ముందు ఒక నోటుబుక్కు

మొదట చేయాల్సింది క్లాసు పెట్టడం కాదు, అడిగి రాసుకోవడం. రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు ఒకటి కొనండి. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. బడిలో రాసిన పేరు, ఇప్పుడు ఆధార్‌లో ఉన్న పేరు, చదివిన బడి ఏ ఊళ్లో ఉంది, ఏ తరగతి దాకా, ఏ ఏడాది, ఎందుకు ఆగింది, ఇప్పుడు చదువు ఎందుకు కావాలి. ఇవి రాసుకుంటే చాలు.

“ఏ ఊళ్లో” అన్నది మర్చిపోవద్దు. నేను మొదటిసారి మర్చిపోయాను. మా ఊరి కోడళ్లంతా వేరే ఊళ్ల బిడ్డలు. వాళ్ల పేర్లు మా ఊరి బడి రిజిస్టర్‌లో ఎలా ఉంటాయి? ఒకామెది అయిజ దగ్గర, ఒకామెది మల్దకల్, ఇంకొకామెది తుంగభద్ర దాటి కర్నూలు జిల్లా. కాగితాల కోసం పుట్టింటి ఊరికి పోవాలి. అంటే పండుగకో, పెళ్లికో పుట్టింటికి పోయినప్పుడే ఆ పని కూడా చూసుకోమని ముందే చెప్పిపెట్టాలి.

అడిగే చోటు కూడా చూసుకోవాలి. అత్త ముందు అడిగితే కోడలు చెప్పదు. పిల్లల ముందు అడిగితే తల్లి చెప్పదు. సంఘం మీటింగులో అందరి ముందూ లేపి అడిగితే అసలు చెప్పరు. పత్తి ఏరేటప్పుడు పక్క సాలులో నడుస్తూ అడగండి, బస్టాండులో అడగండి. తరగతి అడిగే ముందు “మీ సార్ ఎవరుండె?” అని అడగండి. సార్ పేరు మర్చిపోయినవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. సార్ గురించి మొదలుపెడితే పక్కన కూర్చున్న పిల్ల, పొడిచిన ముల్లు, రాయని పరీక్ష అన్నీ వాళ్లే చెబుతారు. ఏ తరగతి అన్నది ఆ మాటల్లోనే తెలిసిపోతుంది.

ఈ పేజీలన్నీ నిండాక మనుషులు మూడు గుంపులుగా కనిపిస్తారు. అక్షరాలే రానివాళ్లు. అక్షరాలు వచ్చి, నాలుగు నుంచి తొమ్మిది మధ్య ఎక్కడో ఆగినవాళ్లు. పది రాసి ఫెయిలైనవాళ్లు. ముగ్గురికీ ఒకే క్లాసు పెట్టొద్దు. నేను మొదటి ఏడాది పెట్టాను. వారం తిరిగేసరికి అక్షరాలు రాని పెద్దమ్మలు సిగ్గుపడి మానేశారు, పది ఫెయిలైన పిల్లలు విసుగొచ్చి మానేశారు.

అక్షరాలు రానివాళ్లను ముందు ఉల్లాస్ కార్యక్రమంలో చేర్పించండి. పదిహేనేళ్లు దాటిన ఎవరైనా చేరొచ్చు. 2022లో మొదలైంది. ఊళ్లో చదువుకున్నవాళ్లే వాలంటీర్లుగా చెబుతారు. చివర్లో 150 మార్కుల పరీక్ష ఉంటుంది. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. అయితే అది పదికి సమానం కాదన్న సంగతి ముందే చెప్పండి. మా పెద్దత్త ఆ సర్టిఫికెట్ పట్టుకుని “ఇగ నాకు నౌకరి వస్తదా బిడ్డా?” అని అడిగింది. ఆమెకు ముందే చెప్పకపోవడం నా తప్పు.

పది ఫెయిలైనవాళ్ల సంగతి తేలిక. పాత మెమో దాచుకుని ఉంటే, పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులను ఓపెన్ స్కూల్‌కు బదిలీ చేసుకునే వీలుంది. మిగిలినవి రాస్తే సరిపోతుంది. అడ్మిషన్ సమయంలోనే ఈ మాట అడగాలి, తర్వాత అడిగితే పని కాదు.

ఇక మిగిలింది మధ్య గుంపు. నా కష్టమంతా వాళ్ల కోసమే.

రిజిస్టర్ దగ్గర

ఓపెన్ స్కూల్లో పదికి చేరాలంటే పద్నాలుగేళ్లు నిండాలి. పై వయసుకు హద్దు లేదు. ఇన్ని తరగతులు చదివి ఉండాలన్న నిబంధన కూడా లేదు. బడికే పోనివాళ్లు చదవడం, రాయడం వచ్చని స్వయంగా రాసిచ్చి చేరొచ్చు. అలాంటప్పుడు పాత కాగితం ఎందుకు అని మీరు అడగొచ్చు. పుట్టిన తేదీకి, పేరుకు అదే గట్టి ఆధారం కాబట్టి. పది మెమో మీద ఏ తేదీ, ఏ పేరు పడితే జీవితాంతం అదే చెల్లుతుంది.

మా ఎదురింటి వదినతో కలిసి ఆమె పుట్టింటి ఊరి బడికి పోయాను. హెడ్మాస్టర్ మంచి మనిషి. బీరువా మీద నుంచి అడ్మిషన్ రిజిస్టర్ దింపించాడు. అట్ట ఊడిపోయి, పురికొసతో కట్టి ఉంది. పేజీలు పచ్చబడి, అంచులు చెదలు తినేశాయి. అడ్మిషన్ నంబర్, పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ, చేరిన తేదీ, తీసేసిన తేదీ. వదిన ఒక్కో గీత మీదా వేలు పెట్టి మెల్లగా దిగుతూ వచ్చింది. మూడు పేజీలు అయినా ఆమె పేరు దొరకలేదు. నేను ఇక లేదేమో అనుకుంటుండగా నాలుగో పేజీలో వేలు ఆగింది. ఆమె ఆగింది తన పేరు దగ్గర కాదు, తండ్రి పేరు దగ్గర. “మా నాయినే” అంది. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడిలో సార్ రాసిన పేరు ఇంకొకటి. తన బడి పేరు తనకే గుర్తులేదు. చివరి గడిలో ఎర్ర సిరాతో “లాంగ్ ఆబ్సెంట్” అని ఉంది. ఆ మాటకు అర్థం చెప్పమంది. చాలా రోజులు రాలేదని చెప్పాను. “అవ్, రాలే” అంది.

కాబట్టి మీరు పోయేటప్పుడు తండ్రి పేరు, అన్నదమ్ముల పేర్లు కూడా రాసుకుని పోండి. పేరు దొరకకపోతే తండ్రి పేరుతో వెతకండి. ఐదు లోపు మానేసినవాళ్లకు ప్రైమరీ బడి రికార్డు షీట్ ఇస్తుంది, పై తరగతులకైతే టీసీ. అడిగేటప్పుడు ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు రాసివ్వండి. నోటితో అడిగితే “మళ్లీ రండి” అంటారు, కాగితం ఇస్తే వెతుకుతారు. బడి మూతపడి ఉంటే రికార్డులు ఏ బడికి పోయాయో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి.

కాగితం దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. ఆధార్‌లో ఎక్కువమందికి పుట్టిన తేదీ జనవరి 1. ఆధార్ తీసిన రోజుల్లో తేదీ తెలియనివాళ్లకు అలా వేసేశారు. రిజిస్టర్‌లో మరో తేదీ ఉంటుంది. ఇంటిపేరు పెళ్లయ్యాక మారి ఉంటుంది. ఈ రెండూ కలిసేలా అడ్మిషన్‌కు ముందే ఆధార్ సరిచేయించుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. అందుకని తొందరపడి ఏదో ఒక తేదీ వేయించొద్దు. తేదీ మారితే వయసు మారుతుంది, రేపు పింఛన్ లెక్కా మారుతుంది. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాకే మార్చండి. మెమోలో తేదీ తప్పు పడితే దాన్ని దిద్దించుకోవడానికి తిరిగే తిరుగుడు ముందు ఇప్పటి తిరుగుడు ఏపాటి?

నెలలు చూసుకుని నడవాలి

మా దగ్గర బడులు ఏప్రిల్ 23, 24 ప్రాంతంలో మూతపడి జూన్ 12న తెరుస్తారు. ఆ నెలన్నర హెడ్మాస్టర్ ఉండడు, రిజిస్టర్ దొరకదు. ఆగస్టులో మొగ్గ గిల్లే పని మొదలైతే నవంబర్ దాకా ఎవరికీ తీరిక దొరకదు. ఓపెన్ స్కూల్ అడ్మిషన్ల ప్రకటన వచ్చేది కూడా దాదాపు ఆ వానాకాలంలోనే. అందుకని మొదటి ఏడాది మాకు అడ్మిషన్ గడువు తెలిసేసరికి సగం మంది దగ్గర కాగితాల్లేవు, మిగతా సగం చేలల్లో ఉన్నారు.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బడులు నడుస్తుండగానే రిజిస్టర్ పని పూర్తి చేస్తాను. వేసవిలో ఆధార్, కులం సర్టిఫికెట్, ఫోటోలు. జూన్, జూలైలో ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్‌కు పోయి ప్రకటన ఎప్పుడో కనుక్కుంటాను. తేదీలు ఏటా మారతాయి, అందుకని పోయి అడగడమే మంచిది. అడ్మిషన్ అయ్యాక ఆగస్టు నుంచి నవంబర్ దాకా చదువు ఊసెత్తను. పుస్తకాలు వస్తే ఇంటికి పంపుతాను, అంతే. ఆ నాలుగు నెలల్లో చదవమని వెంటపడితే వాళ్లకు టెన్షన్, మనకు నిరాశ. నవంబర్ దాటాక మొదలుపెట్టి ఏప్రిల్, మే నెలల్లో జరిగే పరీక్ష దాకా ఐదు నెలలు గట్టిగా చదివిస్తాను. అప్పటికీ అన్నీ పాసవాలని ఏమీ లేదు. ఒకసారి తీసుకున్న అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది. ఈసారి రెండు, మళ్లీసారి మూడు సబ్జెక్టులు రాసుకోవచ్చు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. మాలాంటి కూలి జనానికి రెగ్యులర్ బడిలో లేని ఈ వెసులుబాటే ఓపెన్ స్కూల్‌లో ఉన్న గొప్ప మేలు. నేను కూడా రెండు విడతల్లో పాసయ్యాను.

మీ వైపు మిర్చి అయితే నెలలు వేరు, వలస పోయే ఊరైతే ఇంకా వేరు. పాలమూరు నుంచి పనికి పోయినవాళ్లు ఉగాదికి వచ్చి మళ్లీ పోతారు. మీ ఊరి పని నెలలు ముందు కాగితం మీద రాసుకుని, చదువు నెలలను ఆ ఖాళీల్లో వేయండి.

డబ్బు విషయంలో

ఇది ఒళ్లు మండే విషయం. మా ఊరికి ఒక ఏజెంట్ వచ్చాడు. “మీరు పుస్తకం ముట్టొద్దు, పరీక్షకు వచ్చి కూర్చుంటే చాలు, పాస్ గ్యారంటీ” అన్నాడు. మా సంఘంలో నలుగురు సంఘం నుంచి అప్పు తీసుకుని మరీ ఇచ్చారు. పరీక్షలు దగ్గర పడినా హాల్ టికెట్ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. తీరా స్టడీ సెంటర్‌లో కనుక్కుంటే వాళ్ల పేర్లతో అడ్మిషనే లేదు. ఆ అప్పు పుస్తకంలో రాసింది నేనే. ఆ కంతులు వాళ్లు కూలి చేసి కట్టారు. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పటికీ చదువు మాటెత్తితే లేచి వెళ్లిపోతారు. నాకు అన్నిటికన్నా అదే బాధ.

కాబట్టి ఎవరి చేతికీ డబ్బివ్వొద్దు. స్టడీ సెంటర్ అంటే సాధారణంగా మండలంలోని ఒక ప్రభుత్వ హైస్కూలే. అక్కడికి మనిషే స్వయంగా పోవాలి. ఫీజు మీసేవలో కట్టి రసీదు తీసుకోవాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఫీజులో రాయితీ ఉంది, అడగండి. రసీదు మీద పేరు, దరఖాస్తు నంబర్ చూసుకుని ఫోన్లో ఫోటో తీసుకోండి. ఫోన్ నంబర్ సొంతదే ఇవ్వండి. ఏజెంటుదో, మీసేవ అబ్బాయిదో ఇస్తే మెసేజ్‌లన్నీ వాళ్లకే పోతాయి. చూసి రాయిస్తామని చెప్పే మనుషులను దగ్గరికి రానివ్వొద్దు. చూసి రాసిన పదితో ఆశా రిజిస్టర్ రాయలేం కదా.

కళ్లద్దాలు, పెన్ను, ఆ తర్వాతే పాఠం

క్లాసు మొదటి రోజు పాఠం చెప్పొద్దు. కళ్లు చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ నలభై దాటినవాళ్లలో సగం కష్టం ఇక్కడే ఉంది. మా సంఘంలో ఒక అక్క పుస్తకం ఇస్తే చేయి చాచి దూరంగా పట్టుకునేది. “అక్షరాలు మర్చిపోయిన చెల్లె, నాతో కాదు” అనేది. గోడ మీద రాసిన పెద్ద అక్షరాలు గబగబా చదివేసేది. అది మర్చిపోవడం కాదు, చత్వారం. మా రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన అద్దాలు ఆమె ఇంట్లో గూట్లోనే ఉన్నాయి, పెట్టుకుంటే ముసలిదానివైనవంటారని పెట్టుకోలేదు. పెట్టుకున్న రోజు పేజీ చదివేసింది. సూదిలో దారం ఎక్కించమనండి, బియ్యంలో రాళ్లు ఏరమనండి. తడబడితే ముందు అద్దాలు.

తర్వాత చేయి. పదేళ్లు, ఇరవై ఏళ్లు పెన్ను పట్టని చేయి రెండు వాక్యాలకే నొప్పి పుడుతుంది. మొగ్గ గిల్లిన వేళ్లు పెన్నును కూడా మొగ్గలాగే కొసన గట్టిగా పట్టుకుంటాయి. కాగితం చిరిగేలా రాస్తారు. వదులుగా పట్టుకోవడం నేర్పడానికి నాకు వారం పట్టింది. పరీక్ష మూడు గంటలు. రోజంతా వంగి కలుపు తీయగలిగిన మనిషి మూడు గంటలు కదలకుండా కూర్చుని రాయలేదు, అలవాటు లేదు కాబట్టి. డిసెంబర్‌లో అరగంట, జనవరిలో గంట, మార్చి వచ్చేసరికి మూడు గంటలు కూర్చోబెట్టి రాయించండి. ఏం రాసినా సరే, ముందు చేయి ఆడాలి.

చదివించడానికి నేను వాడింది పాఠ్యపుస్తకం కన్నా ముందు సంఘం పాస్‌బుక్కు. ప్రతి మనిషికీ తన అప్పెంతో, వడ్డీ ఎంతో, ఎన్ని కంతులు మిగిలాయో కచ్చితంగా నోటికి తెలుసు. ఆ లెక్కను కాగితం మీద వేయించాను. శాతం అంటే బెదిరిపోయే మనుషులు “నూటికి రూపాయి వడ్డీ” అంటే క్షణంలో చెబుతారు. “నెలకు నూటికి రూపాయి అంటే ఏడాదికి పన్నెండు శాతం” అని చెప్పిన రోజు మా వదిన నవ్వింది. “శాతం అంటే ఇదేనా? ఇరవై ఏండ్ల సంది భయపడితిని” అంది. ఉపాధి హామీ జాబ్ కార్డు, కరెంటు బిల్లు, విత్తనాల సంచి మీద రాసిన తేదీ, పురుగుమందు డబ్బా మీద ఉన్న రంగు గుర్తు, ఇవన్నీ పాఠాలే. మనుషులకు తమ బతుకు గురించిన పాఠం ఇస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో అక్కడి ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదువుకుని సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం దాకా పోయింది.

క్లాసు సమయం రాత్రి ఎనిమిదిన్నర. వంట, తిండి, గిన్నెలు అయ్యాక. గంటకు మించొద్దు. చోటు ఎవరింట్లోనూ వద్దు. ఇల్లయితే ఆ ఇంటివాళ్లతో మాట్లాడనివాళ్లు రారు. మేం సంఘం గదిలో కూర్చుంటాం. పిల్లలను వెంట తెచ్చుకోనివ్వండి. పది చదివే కూతురు పక్కన కూర్చుని తల్లికి చెబుతుంటే నా పని సగం తగ్గింది. భర్తలు మొదట “ఇప్పుడు నీకెందుకు చదువు?” అనేవాళ్లు. వాళ్లతో వాదించొద్దు. ఇంటికి వచ్చిన బ్యాంకు నోటీసును ఆమె చదివి చెప్పే రోజు ఒకటి వస్తుంది, అప్పటిదాకా ఓపిక పట్టండి.

మగవాళ్లను వదిలేయొద్దు. వాళ్లు క్లాసుకు రావడానికి ఆడవాళ్ల కన్నా ఎక్కువ సిగ్గుపడతారు. మా దగ్గర చేరిన ఇద్దరూ ట్రాక్టర్ డ్రైవర్లు. పుస్తకం ఫోన్లో పెట్టుకుని చెట్టు కింద చదివేవాళ్లు. వాళ్లకు నేను విడిగా ఆదివారం చెప్పాను.

ఏ సబ్జెక్టులు

పదికి ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, వాటిలో కనీసం ఒకటి భాష. ఒక్కోదానిలో 35 మార్కులు వస్తే పాస్. ఇక్కడ స్టడీ సెంటర్‌లో అందరికీ ఒకే జాబితా రాసేస్తారు, ఒప్పుకోవద్దు. నోటుబుక్కులో “ఎందుకు కావాలి” అన్న గడి తీయండి. ఆశా లాంటి పని కోసమైతే, లేదా మెమో చాలనుకుంటే, తెలుగు, సాంఘికం, హోమ్ సైన్స్ లాంటివి పెట్టుకుంటే తేలిక. చిన్న వయసువాళ్లు, ముందుకు పోవాలనుకునేవాళ్లు మాత్రం గణితం, సైన్స్, ఇంగ్లిష్ వదలకూడదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు పదిలో గణితం ఉండాలి. మా దగ్గర ఒక పిల్ల, పందొమ్మిదేళ్లది, తేలికని గణితం వదిలేసి పాసైంది. తర్వాత పాలిటెక్నిక్ అంటే వీల్లేదన్నారు. ఆమెకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు అప్పటికి.

స్టడీ సెంటర్‌లో ఆదివారాలు, సెలవు రోజుల్లో క్లాసులు పెడతారు. అన్నిటికీ పోలేకపోయినా కొన్నిటికైనా పోండి. సార్‌కు ముఖం తెలిస్తే అనుమానాలు అడగొచ్చు. పాత ప్రశ్నపత్రాలు అక్కడే దొరుకుతాయి. నేను పాత పేపర్లు మూడేళ్లవి తెచ్చి, మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలకు జవాబులు వాళ్ల సొంత మాటల్లో రాయించాను. గైడు చూసి బట్టీ పట్టించి చూశాను, పెద్దవాళ్లకు అది కుదరదు. బట్టీలో ఒక మాట జారితే మొత్తం జారిపోతుంది. అర్థమైన విషయాన్ని వాళ్ల మాటల్లో రాస్తే మూడో వంతు మార్కులు ఎటూ పోవు.

పరీక్షకు వారం ముందు సెంటర్‌కు తీసుకెళ్లి గది చూపించండి. పరీక్ష రోజుల్లో ఎండ మండుతుంది. బస్సు పొద్దున ఎన్నింటికి, తిరిగి ఎన్నింటికి, చంటిబిడ్డ ఉంటే ఎవరు చూస్తారు, ఇవన్నీ ముందు రోజే తేల్చుకోండి. మా బ్యాచ్‌లో ఇద్దరి చంటిపిల్లలను సెంటర్ బయట వేపచెట్టు కింద నేను, మా అమ్మ కలిసి చూసుకున్నాం. ఒకామె బయటికి వచ్చి బిడ్డకు పాలిస్తూ, లెక్కల్లో ఏం రాసిందో అన్నీ వేళ్ల మీద చెప్పింది. ఆమెకు గణితంలో 41 వచ్చాయి.

మెమో వచ్చాక

మెమో చేతికి రాగానే సంతోషపడండి, కానీ అక్కడే నిలబడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే అదే రోజు స్టడీ సెంటర్‌లో దరఖాస్తు పెట్టండి. లామినేషన్ చేయించొద్దు. పైన ఏదైనా ముద్ర వేయాల్సి వచ్చినా, సరిచేయాల్సి వచ్చినా లామినేషన్ అడ్డమొస్తుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. రెండు జిరాక్సులు తీయించండి. ఇంటర్ చదవాలనుకుంటే అదే ఓపెన్ స్కూల్లో ఇంటర్ ఉంది. ఆ తర్వాత డిగ్రీకి 1982లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, ఇప్పుడు దాన్ని అంబేద్కర్ యూనివర్సిటీ అంటాం. నేను ఇప్పుడు ఇంటర్ రెండు సబ్జెక్టులు రాశాను.

జిరాక్సుల్లో ఒకటి నేను తీసుకుని సంఘం పెట్టెలో, తీర్మానాల పుస్తకం కింద ఉంచుతాను. ఇల్లు కాలినా, వానకు తడిసినా ఒకటి ఉంటుంది. మా వదినది అందులో అన్నిటికన్నా పైన ఉంది. దాని మీద బడిలో సార్ రాసిన పేరే ఉంది. ఇప్పుడు ఊళ్లో కొందరు ఆమెను ఆ పేరుతోనే పిలుస్తున్నారు.